మంచె దిగిన గొంతు

ఇండియా పోయేటప్పుడు తప్ప తెరవని సూట్‌కేసు ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో దళసరి దుప్పట్లు, పెళ్ళిళ్ళకు కట్టే చీరలు, ఎవరికైనా పెట్టడానికి పనికొస్తాయని నేను దాచిన కొత్త తువాళ్ళు ఉంటాయి. మస్కట్ గాలిలో సముద్రపు తేమ ఎక్కువ. మూసి ఉంచిన బట్ట ముక్కిపోతుంది. అందుకని చలి మొదలవగానే అన్నీ తీసి బాల్కనీలో ఎండ చూపిస్తాను. మొన్న అలా దులుపుతుంటే దుప్పటి మడతలోంచి అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి జారి నా కాలి మీద పడింది. అరచేతి కంటే కాస్త పెద్దది. పైన ఒక ఆడమనిషి బొమ్మ. నల్ల బట్టలు, విరబోసుకున్న జుట్టు, కళ్ళ చుట్టూ గుప్పెడు కాటుక, నోరు ఇంత తెరిచి ఉంది. చూడగానే మా ఊరి జాతరలో పూనకం వచ్చిన శివసత్తి గుర్తొచ్చింది. కానీ పక్కన ఉన్న రాత మనది కాదు. చిన్న చిన్న గుడిసెలు పేర్చినట్టున్న అక్షరాలు. నేను చదివింది నాలుగో తరగతి వరకే అయినా, ఏది మన రాతో ఏది కాదో తెలుస్తుంది.

మనవరాలు సహస్రను పిలిచాను. పదో తరగతి చదువుతోంది. డబ్బా నా చేతిలో చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"గిదేందే?"

"సీడీ, బాపమ్మా."

"సీడీ అని నాకు తెల్వదా? మీ తాత గీ దేశంలనే బురైమిల మేస్త్రీ పని చేసినప్పుడు గిసొంటియి సంచి నిండ తెచ్చిండు. దుప్పట్ల నడుమ ఎందుకున్నది అని అడుగుతున్న."

"నువ్వు చూస్తవని."

"చూసిన. ఇప్పుడు చెప్పు."

చెప్పింది. ఆమె జపాను పిల్ల. పేరు చెప్పింది గానీ నా నోరు తిరగలేదు. పాడేది హెవీ మెటల్ అట. మేస్త్రీ పెళ్ళాన్ని కాబట్టి మెటల్ అంటే నాకు కంకరే. తర్వాత ఆ పాట విన్నప్పుడు, లారీ తొట్టి ఎత్తి కంకర కుమ్మరించినట్టే ఉంది కాబట్టి నేను పెద్దగా తప్పు పోలేదు. సహస్ర స్నేహితురాలు రుక్సానా వాళ్ళ మామ, జపాను నుంచి పాత కార్లు తెప్పించే కంపెనీలో పని చేస్తాడు. ఆయన అక్కడికి పోయినప్పుడు, దాచుకున్న పండగ డబ్బులిచ్చి ఇది తెప్పించుకుందట.

"ఫోన్ల ఊకెనే వచ్చే పాటకు డబ్బా ఎందుకు కొన్నవే?"

"ఇది ఆమె మొదటి ఆల్బం, బాపమ్మా. ఇన్నేండ్లు వేరేవాళ్ళ బ్యాండ్లల్ల వెనక నిలబడి పాడింది. ఆమె పేరు మీద వచ్చింది ఇదే ఫస్టు. మొదటిది చేతిల ఉండాలె."

దానికి నా దగ్గర జవాబు ఉండాలి. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు కుండీకి పోసేదాన్ని, అందరూ ఒక గదిలో ఉంటే రెండో గదిలో ఏసీ తిరగనివ్వనిదాన్ని, కూరగాయల కవరు చిరిగేదాకా పారేయనిదాన్ని. ఇంట్లో పొదుపు సంగతికొస్తే నా కొడుకు రమేశ్ కూడా నాకు ఎదురు చెప్పడు. అయినా ఆ రోజు దాని ధర కూడా అడగలేదు. మొదటిది చేతిలో ఉండాలి అన్న మాట నేను ఎక్కడో విన్నదే. ఎక్కడ విన్నానో మాత్రం అప్పటికి అందలేదు. డబ్బా దాని చేతికిచ్చి, "దుప్పట్ల పెట్టకు, తేమ పడ్తది" అని మాత్రం అన్నాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ ఆల్బంలో పాట ఒకటి సహస్ర స్టేజీ మీద పాడబోతోంది. దార్సైట్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఒక హాల్లో పిల్లల సంగీత కార్యక్రమం ఉంది. రుక్సానా గిటారు వాయిస్తుంది, వాళ్ళ క్లాసులోని మలయాళీ పిల్ల డ్రమ్ములు కొడుతుంది, మాది పాడుతుంది. ఆ జపాను ముక్కలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది. బడి నుంచి రాగానే గదిలో చేరి తలుపు వేసుకుని అరుపులు. ఎదురు ఫ్లాటు గుజరాతీ ఆమె ఒకరోజు పెరుగు గిన్నె తిరిగి ఇచ్చే వంకన వచ్చి, "బిటియాకో కుచ్ తక్లీఫ్ హై క్యా?" అని, పిల్లకేమైనా బాధగా ఉందా అని అడిగిపోయింది.

కార్తీకంలో మేము సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. తాంబూలానికి వచ్చిన వాళ్ళంతా అడిగితే సహస్ర ఒక భక్తి పాట పాడింది. నిజం చెప్పొద్దూ, మొగలి పువ్వు వాసన గదిలో నిలబడినట్టు నిలబడింది దాని గొంతు. అందరూ ఆహా ఓహో అన్నారు. దిష్టి తగలకుండా థూ థూ అని ఉమ్మినవాళ్ళు మాత్రం ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆ తర్వాత నాలుగు రోజులకు పిల్ల గొంతు బొంగురుపోయింది. అరుపుల వల్ల అని కోడలు సుజాత అంది. దిష్టి అని నేను అన్నాను. మా ఇంట్లో ఎవరి మాట గెలుస్తుందో వేరే చెప్పాలా? సాయంత్రం దీపాలు పెట్టగానే పిల్లను వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి తల చుట్టూ తిప్పాను. ఊళ్ళో అయితే వాకిట్లో పొయ్యి ఉండేది. ఇక్కడ గ్యాసు పొయ్యి మీద పాత ఇనుప పెనం పెట్టి అందులో వేశాను. ఏసీ చల్లదనం పోతుందని కిటికీ మూసే ఉంచాను.

దిష్టి ఉంటే మిరపకాయ కాలినా ఘాటు రాదంటారు. అంత ఘాటు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పొగ ఒక్కసారిగా లేచింది. పిల్ల దగ్గింది, కోడలు దగ్గింది, నేను కొంగు నోట కుక్కుకున్నాను. ఇంతలో పైకప్పులో ఉన్న పొగ గంట కుయ్యోమని మొదలుపెట్టింది. దానికి బదులిచ్చినట్టు వరండాలో ఇంకోటి, మెట్ల దగ్గర ఇంకోటి. బిల్డింగు మొత్తం పిల్లలను చంకనేసుకుని కిందికి దిగింది. వాచ్‌మన్ కరీం భాయ్ కడప మనిషి. ఎర్ర సిలిండరు ఎత్తుకుని పరుగున వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా, బిల్డింగు తగలబెడ్తాండారా?"

"దిష్టి తీస్తున్న, భాయ్."

ఆయన సిలిండరు కింద పెట్టి నా పెనం వైపు చూశాడు, తుమ్మాడు, మళ్ళీ నా వైపు చూశాడు. "మా అమ్మ గూడ ఇట్నే తీసేదిలే. ఈసారి డాబా మీదికి పిలిపిస్తా, ఆడ తీయండి" అని అందరికీ సర్దిచెప్పడానికి కిందికి పోయాడు. మంచివాడు.

మరునాటికి సహస్రకు మాటే లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది. డాక్టరు చూసి, గొంతు ముందే అలిసిపోయి ఉంది, పైగా పొగ పట్టింది, కొన్నాళ్ళు మాట్లాడనివ్వకండి, మళ్ళీ అలాగే గొంతు పెట్టి అరిస్తే శాశ్వతంగా చెడుతుంది అన్నాడు. ఇంటికి రాగానే సుజాత సోఫాలో కూలబడి చెప్పేసింది. "స్టేజీ లేదు, ఏం లేదు. ఆ పిల్లలకు ఫోన్ చేసి వేరే వాళ్ళను చూసుకొమ్మని చెప్త." సహస్ర ఏడ్చింది. ఏడుపుకు కూడా చప్పుడు లేదు. అది చూడడం నావల్ల కాలేదు. రమేశ్ చెప్పులు విప్పుతూ, "అమ్మ ఏమంటే అది" అన్నాడు. ఇద్దరాడవాళ్ళ నడుమ మాట పడకుండా ఉండాలంటే మా వాడు ఎప్పుడూ ఈ దారే పడతాడు. అందరూ నా వైపు చూశారు. మిరపకాయలు వేసిన చేయి నాది. వద్దు అనడం సులువు. రేపు చెప్తానన్నాను.

మరునాడు సరుకులకు పోయాం. కొడుకూ కోడలూ లోపలికి పోయారు, నేనూ సహస్రా కారులో ఉండిపోయాం. బండి ఆపాక ఏసీ నడిపితే పెట్రోలు దండగ, అద్దాలు దించమన్నాను. మా కారు కూడా జపానుదే, పాతది. సీడీ తిరిగే సందు ఉన్నది మా ఇంట్లో దానికొక్కదానికే. పిల్ల నన్ను అడగకుండానే ఆ డబ్బాలోంచి సీడీ తీసి సందులో పెట్టింది. అడగడానికి దానికి గొంతెక్కడిది? మొదట బోరుబావి తవ్వే బండి మొదలైనట్టు గిటార్లు. తర్వాత పోక్లెయిన్. నేను ఆపమనబోయాను. అప్పుడు ఆ అమ్మాయి అందుకుంది. ఆ ఇనుప చప్పుడు మొత్తం మీదుగా ఆమె గొంతు గెంతి, పైకి పోయి, అక్కడ నిలబడి, ఇక పట్టు వదులుతుంది అనుకున్న చోట కేకగా మారింది.  ఆ కేకకు ముందు ఒక చిన్న చప్పుడు ఉంది. ఊపిరి తీసుకున్న చప్పుడు. లోపలికి, కిందికి, కడుపు దాకా.

"మళ్ళా పెట్టు," అన్నాను.

పిల్ల నన్ను వింతగా చూసి మళ్ళీ పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. భాష తెలియకపోతేనేం? నేను అరిచినప్పుడు చిలుకలకు నా భాష తెలుసా?

మా ఊళ్ళో జొన్న పాలుపోసుకునే కాలంలో ఆడపిల్లలకు బడి ఉండేది కాదు. అంటే బడి ఉండేది, మేము ఉండేవాళ్ళం కాదు. చేను నడుమ నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పేర్చి, జొన్న సొప్ప పరిచి మంచె కట్టేవారు. తెల్లారీ తెల్లారకముందే దాని మీదికి ఎక్కాలి. మంచుకు తడిసిన సొప్ప తియ్యటి వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చగడ్డి కోసిన వాసన వస్తే నా అరికాళ్ళకు ఆ తడి తగులుతుంది. చేతిలో వడిసెల, ఒళ్ళో గులకరాళ్ళు. కానీ రాయి ఒక పక్కకే పోతుంది. కేక నాలుగు దిక్కులకూ పోతుంది. పిచ్చుకలు చిన్న అరుపుకే లేస్తాయి. గోరింకలు మొండివి. చిలుకల గుంపు అయితే దండు దిగినట్టే, అవి లేవాలంటే కేక పక్క ఊరికి వినపడాలి. పంట మిగిలిందంటే రైతు చెమట ఎంత ఉందో మంచె మీద పిల్ల గొంతు కూడా అంత ఉందనేది మా మేనత్త నర్సవ్వ.

నర్సవ్వత్త చిన్నప్పుడే భర్త పోయి మా ఇంటికి తిరిగొచ్చింది. మనిషి బక్కది. వంటింటి తాళం కొంగుకు కట్టుకునేది, పొయ్యి బూడిద వృథా పోనిచ్చేది కాదు, అందరూ తిన్నాక గట్క కుండ అడుగు గీకి తాను తినేది. నాకు ఈ గీకే బుద్ధి ఆమె నుంచే వచ్చిందని మా ఆయన వెక్కిరించేవాడు. పొద్దు పొడిచేదాకా ఆమె నోరు తెరవదు. ఎవరు పిలిచినా చేత్తోనే జవాబు. చెంపలో ఎప్పుడూ కరక్కాయ ముక్క. మంచె ఎక్కే పిల్లలకు కూడా అదే నియమం. నిద్రలేస్తూనే మాట్లాడితే వీపు మీద పడేది. చల్లనీళ్ళు తాగనిచ్చేది కాదు, గోరువెచ్చటి అంబలి పోసేది. మొదటి రోజు నేను గొంతు చించుకుని అరిచి మధ్యాహ్నానికే బొంగురుపోతే, అత్త నన్ను మంచె మీద వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద వడిసెల రాళ్ళ మూట పెట్టింది. "ఊపిరి పీల్చు. మూట లేవాలె. రొమ్ము లేసిందో, చెంప పగుల్తది." మూట లేచేదాకా నన్ను లేవనివ్వలేదు. "కేక గొంతుల పుట్టదే పిల్లా, బొడ్డు కింద పుడ్తది. గొంతు ఉత్త తలుపు. తలుపును గుద్దితే పగుల్తది, తెరిస్తే ఏంగాదు." ఆ కాలమంతా నేను అరిచాను. మళ్ళీ ఒక్కసారి కూడా గొంతు పోలేదు. నర్సవ్వత్త పొద్దున వేసే తొలి కేకకు ఊళ్ళో పొయ్యిలు రాజేసేవారు. నా కేక కూడా ఏటి అవతలికి వినపడుతోందని ఎవరో మా నాయినతో అంటే, ఆ రోజు ఆయన నాకు సంత నుంచి బెల్లం ముక్క తెచ్చాడు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. కోత మొదలయ్యే రోజు, పాలు గట్టిపడిన మొదటి కంకి కోసి, నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, ఆ ఊసబియ్యం ముందుగా మంచె మీద కేకేసిన పిల్ల చేతిలో పోస్తారు. దేవుడికి కూడా ఆ తర్వాతే. "మొదటిది కేకేసినోళ్ళ చేతిల వడాలె" అనేది అత్త. అదీ నేను విన్న మాట. నా చేతిలో మాత్రం పడలేదు. కోత ఇంకా కొన్ని రోజులుందనగా నేను పెద్దమనిషినయ్యాను. చాప వేసి మూల కూర్చోబెట్టారు, నువ్వులూ బెల్లమూ దంచి పెట్టారు, పేరంటాళ్ళు పాటలు పాడారు. మా అమ్మ చెడ్డది కాదు, అందరమ్మలు చెప్పే మాటే చెప్పింది: "ఇగ నీ గొంతు గడప దాటొద్దు." మంచె మీదికి మా చిన్నాయన బిడ్డ లచ్చవ్వను ఎక్కించారు. మొదటి కంకి దాని చేతిలో పడింది. పొగ వాసన మూలకు కూడా వచ్చింది. అత్త ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే ముక్తసరిగా, "గొంతు ఎటు వోదే. బొడ్డు కింద పండుకుంటది, అంతే" అని లేచిపోయింది. అంతటితో నేను దాన్ని మరిచిపోయాను. పెళ్ళి, పిల్లలు, ఆయన బురైమిలో, నేను ఊళ్ళో. అరవడమంటే పిల్లల మీద అరిచాను. అది కేక కాదు.

కారులో పాట అయిపోయింది. కొడుకు సరుకుల బండి తోసుకుంటూ వస్తున్నాడు, వెనకే కోడలు.

"సుజాతా, పిల్ల శుక్రారం దాక నోరు తెరవదు. శుక్రారం ఎటన్న ఖాళీ జాగాల అరిపిస్త. గొంతు గీరుకుంటే నేనే వద్దంట. గీరుకోకుంటే నువ్వు వద్దనొద్దు."

కోడలు నా ముఖంలోకి చూసింది. "మీరేం చేస్తరు అత్తమ్మా?"

"మిరపకాయలైతే కాల్చను."

ఆమె నవ్వాపుకోలేక సంచి అందుకుంది.

ఆ రోజుల్లో మా ఇల్లు మంచె అయింది. పొద్దున లేచినప్పటి నుంచి పిల్ల నోటికి తాళం. డాక్టరు మాట, నర్సవ్వత్త మాట ఒకటే కావడం నాకు హాయిగా అనిపించింది. నా ట్రంకు పెట్టెలో ఊరి నుంచి తెచ్చుకున్న కరక్కాయలున్నాయి. అవి పాడయ్యే వస్తువు కావు, పారేయకపోవడం ఎంత మంచిదో మా కోడలు కూడా ఒప్పుకుంది. ఫ్రిజ్ నీళ్ళు బందు. జొన్నపిండితో అంబలి. బడి నుంచి వచ్చాక హాల్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద కందిపప్పు ప్యాకెట్టు పెట్టాను. అది లేవదే! ఈ కాలపు పిల్లలు ఊపిరి కూడా భుజాలతోనే తీసుకుంటారు, ఫోను మీదికి వంగి వంగి. రుక్సానా చూడ్డానికి వచ్చి, తను కూడా పక్కన పడుకుని శనగపప్పు ప్యాకెట్టు పెట్టుకుంది. "నానీ, ఆప్ ఫికర్ నక్కో కరో, ఇస్కా పప్పు ఉఠేగా" అంది, దీని పప్పు లేస్తుందిలే అని. ఇద్దరూ చప్పుడు లేకుండా నవ్వితే ప్యాకెట్లు ఎగిరెగిరి పడ్డాయి. "అగో, అట్లనే. నవ్వు యాడికెల్లి వస్తుందో పాట గూడ ఆడికెల్లే రావాలె," అన్నాను. ఆ తర్వాత పిల్లకు దారి తెలిసింది.

శుక్రవారం రమేశ్‌కు ఇబ్రాలో సైట్ చూసుకునే పని ఉంది. ఊరి బయట ఒక ఖర్జూరపు తోటకు వాళ్ళ కంపెనీ గోడ కడుతోంది. మమ్మల్నీ తీసుకుపోయాడు. ఆ తోట యజమానురాలు నా ఈడు ఒమానీ ఆమె. ముందు ఖర్జూరాలు, తర్వాత ఖావా కాఫీ ఇవ్వనిదే మమ్మల్ని కదలనివ్వలేదు. తోట వెనక్కి పోయి చూద్దును కదా, మేకల మేతకు వేసిన జొన్న. తోటకూర మడంత చిన్న నేల చెక్క. కంకులు వేసి పాలుపోసుకుంటోంది. దాని మీద గోరింకలు, పిచ్చుకలు. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళకు, ఇంత సముద్రం దాటొస్తే, ఇక్కడా అవే దొంగలు.

"కేకెయ్యి," అన్నాను సహస్రతో.

పిల్ల నోరు తెరిచింది, ఆగింది. "భయమైతుంది, బాపమ్మా. మళ్ళా పోతే?" అన్ని రోజుల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట అదే. గొంతు శుభ్రంగానే ఉంది. కానీ అరవమంటే మెడ బిగుస్తోంది. ఒకసారి అరిచింది, సగంలో తనే ఆపేసింది. పిట్టలు తలెత్తి కూడా చూడలేదు. సుజాత నా వైపు చూస్తోంది. మాట ఇచ్చినదాన్ని నేను.

చెప్పితే వచ్చేది కాదని తెలిసిపోయింది. చెప్పులు విప్పాను. కొంగు నడుముకు చెక్కి, ఆ ఎర్ర మట్టిలో పాదాలు ఎడంగా పెట్టి నిలబడ్డాను. మొదటిసారి వచ్చింది కేక కాదు, పాత తలుపు కిర్రుమన్నట్టు ఏదో. మా కొడుకు "అమ్మా" అని ఒక అడుగు ముందుకు వేశాడు. చేయి చూపి ఆపాను. బొడ్డు కింద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని, తొందరపడకుండా ఊపిరి దించాను. కిందికి, ఇంకా కిందికి. అక్కడ ఉంది. పండుకునే ఉంది.

"హో...య్... హోయ్ హోయ్ హోయ్!"

చెక్కలోని పిట్టలన్నీ ఒక్క బట్ట దులిపినట్టు లేచాయి. ఖర్జూరపు చెట్ల మీదివి కూడా లేచాయి. కొండకు తగిలి నా కేక నాకే తిరిగొచ్చింది. ఒమానీ ఆమె ఖావా గిన్నె పట్టుకుని పరుగున వచ్చి, "మాషాల్లా!" అంటూ నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసింది. నా కొడుకు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తల్లి గొంతు వాడికి అప్పటిదాకా తెలియదు. ఇంతలో నా పక్కన ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. లోపలికి, కిందికి. ఆ జపాను పాటలోని కేక సహస్ర నోట వచ్చింది. ఎక్కడా గీరుకోలేదు. పైకి పోయి, నిలబడి, తిరగబడి, తను ఆపాలనుకున్నప్పుడు ఆగింది. వాలబోతున్న గోరింకలు మనసు మార్చుకుని కొండ అవతలికి పోయాయి.

"నొప్పి ఉన్నదా?" సుజాత అడిగింది.

"లేదు మమ్మీ. అసలు లేదు."

సుజాత నా వైపు చూసి సరేనని తల ఊపింది. కారు ఎక్కేటప్పుడు ఒమానీ ఆమె నా భుజం పట్టి ఆపి, కొన్ని కంకులు విరిచి ఒళ్ళో పోసింది. నేను అరబ్బీలో థాంక్స్ చెప్పాను, ఆమె పిట్టల వైపు చూపించి, మళ్ళీ రమ్మన్నట్టు చేయి ఊపింది. దారిలో సహస్ర అడిగింది కాబట్టి మంచె సంగతి, మొదటి కంకి సంగతి, లచ్చవ్వ సంగతి అన్నీ చెప్పాను. అది వింటూ నా ఒళ్ళోని కంకి ఒకటి తీసి తిప్పి తిప్పి చూసింది. 

కార్యక్రమం మరునాడు సాయంత్రం. సుజాతే కూర్చుని పిల్ల కళ్ళకు కాటుక దిద్దింది. నేను ముందు వరుసలో కూర్చున్నాను. పాట మొదలవగానే మా వెనక కూర్చున్న ఆమె చెవులు మూసుకుని, "ఇదేం పాటండీ బాబూ!" అంది. "పిట్టలను తోలే పాట," అన్నాను వెనక్కి తిరగకుండా. కేక వచ్చే చోటు నాకు తెలుసు. దానికి ముందు నా చేయి నా కడుపు మీదికి పోయింది. మైకులో ఊపిరి చప్పుడు వినపడింది. ఇక నాకు భయం లేదు. పాట అయ్యాక కుర్రకారు ఈలలు వేశారు, పెద్దవాళ్ళు కొందరు మర్యాదకు చప్పట్లు కొట్టారు, కరీం భాయ్ తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

మా కాలంతో పోలిస్తే ఈ పిల్లలకు ఏం తక్కువని చాలాసార్లు అన్నాను. ఇకముందు కూడా అంటాను. లైట్లు ఆర్పరు, అన్నం పారబోస్తారు, చెప్పిన మాట వినరు. కానీ నన్ను మంచె దింపిన ఈడు దాటాక ఇది మంచె ఎక్కింది. దింపుతామన్న తల్లే కాటుక పెట్టి పంపింది. ఎక్కడో జపానులో ఒకామె ఇన్నేళ్ళు వెనక నిలబడి, ఇప్పుడు తన పేరు మీద నోరు తెరిస్తే, ఆ కేక దార్సైట్ దాకా వచ్చింది. ఏటి అవతలికి వినపడితేనే మా నాయిన బెల్లం తెచ్చాడు. ఆమె నాయిన ఏం తెచ్చాడో!

ఇంటికి రాగానే కిటికీ బార్లా తెరిచాను, ఫ్యాను పెట్టాను, పైకప్పులోని గంట వైపు ఒకసారి చూసుకుని గ్యాసు సన్నగా పెట్టి కంకులు కాల్చాను. ఈసారి అది నోరు మూసుకుని ఊరుకుంది. వేడి మీదే అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, పచ్చటి ఊసబియ్యం స్టీలు గిన్నెలో పోశాను. ఇల్లంతా ఆ పొగ వాసన. సహస్ర కాటుక కూడా కడుక్కోకుండా వచ్చి నిలబడింది. గిన్నె దాని ముందు పెట్టాను.

"తీసుకో. మొదటిది కేకేసినోళ్ళది."

అది గిన్నె అందుకుని గుప్పెడు తీసింది. తినలేదు. నా చేయి పట్టుకుని, వేళ్ళు విప్పి, అరచేతిలో పోసింది.

"నువ్వు నాకంటే ముందు కేకేసినవ్, బాపమ్మా."

గింజలు ఇంకా వేడిగా ఉన్నాయి. పళ్ళు మునుపటివి కావు కాబట్టి మెల్లగా నమిలాను. ఆ డబ్బా ఇప్పుడు సూట్‌కేసులో లేదు, ఫ్రిజ్ మీద, దేవుడి క్యాలెండరు పక్కన ఉంటుంది. రోజూ దుమ్ము తుడుస్తాను. ఆ రోజు నా అరచేతిలోని గింజల్లో ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు.